మోకాళ్ళు వంచు, నడుం కాదు

నర్సీపట్నంలో చింతపల్లి రోడ్డు మీద మా ఆయనకు కార్ల షెడ్డు ఉండేది. డెబ్భైల చివరి మాట. మన్యం నుంచి దిగే జీపులు, ఊళ్ళోని టాక్సీ అంబాసిడర్లు అక్కడికే వచ్చేవి. నేను మాకవరపాలెం దగ్గర ఒక ఎలిమెంటరీ స్కూల్లో టీచర్ని.

షెడ్డులో ఆయన కేకలేసేది నడుం విషయంలోనే. బానెట్ కింద పనిచేసేటప్పుడు ఒక కాలు పీట మీద పెట్టుకోవాలి. మడ్‌గార్డు మీద గోనెసంచి మడిచి వేసి, ఒక చెయ్యి దానిమీద ఆనించాలి. బరువు ఎత్తాలంటే ఇద్దరుండాలి. షెడ్డులో కలిసి పనిచేసే ఆయన తమ్ముడు ఇవేవీ పట్టించుకునే రకం కాదు.

"ఇంజను పోతే ఇంకోటి ఎక్కిస్తాం. నడుం పోతే ఏటి సేస్తావురా?" అనేవారు తమ్ముడితో.

ఆ వేసవి సెలవుల్లో ఒక మధ్యాహ్నం అన్నం క్యారియర్ పట్టుకుని షెడ్డుకి వెళ్ళాను. ఒక టాక్సీ యజమాని షెడ్డు ముందు అటూ ఇటూ తిరుగుతున్నాడు. సాయంత్రం పెళ్ళివారిని ఉపమాక గుడికి తీసుకెళ్ళాలట. అతని కారు వేడెక్కి ఆగిపోయింది. ఇంజన్ పైనుండే హెడ్డు తీసి, దాని కింద కాలిపోయిన గ్యాస్కెట్ మార్చాలి. హెడ్డంటే పోత ఇనుప దిమ్మ. కొత్త గ్యాస్కెట్ కోసం తమ్ముడు యలమంచిలి వెళ్ళాడు.

"బేగి కానీండి బాబూ, నా మాట పోతాది," అంటున్నాడు అతను.

"తమ్ముడొచ్చీలోగా హెడ్డు దించి శుభ్రం సేసీస్తాను," అన్నారు మా ఆయన.

"ఒక్కరే ఎత్తుతారేటండీ? ఈయన్ని ఓ సెయ్యెయ్యమనండి," అన్నాను.

"అలవాటు లేనోళ్ళు పట్టుకుంటే వేళ్ళు నలిగిపోతాయి. నువ్వు పక్కకి జరుగు."

మడ్‌గార్డు మీదుగా చేతులు చాపి, నడుం వంచి, హెడ్డును పైకి లాగారు. అది కాస్త లేచి, ఠప్పున మళ్ళీ కూర్చుంది. ఆయన మాత్రం లేవలేదు. ఇంజన్‌లోకి తొంగిచూస్తున్నట్టే ఉండిపోయారు. నేను దగ్గరికి వెళ్ళబోయాను.

"ముట్టుకోకు," అన్నారు పళ్ళ బిగువున. "కాళ్ళు తెలీడం నేదు."

చుట్టుపక్కల దుకాణాలవాళ్ళు తలుపుచెక్క మీద పడుకోబెట్టి ఇంటికి తెచ్చారు. తర్వాత విశాఖపట్నంలో ఆపరేషన్ అయింది. వెన్నుపూసల మధ్య పొర జారి నరాన్ని నొక్కేసిందన్నారు. ఎడమ కాల్లో కొద్దిగా కదలిక వచ్చింది. కుడికాల్లో రాలేదు.

ఇంటికొచ్చాక ఆయన్ని మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి మంచం మీదికి చేర్చడం నా పని అయింది. ఎలా ఎత్తాలో ఆయనే నేర్పారు.

"దూరం నుంచి లాగకు. నన్ను దగ్గరగా పట్టుకో. మోకాళ్ళు వంచు, నడుం కాదు. తిరగాలంటే పాదాలు తిప్పు."

ఎత్తిన ప్రతిసారీ నా చెవి పక్కన ఈ మాటలే. అన్నీ తెలిసి ఆ రోజు ఎందుకు ఎత్తారని నేను అడగలేదు. ఆ ప్రశ్న గొంతుదాకా వచ్చిన రోజుల్లో వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని.

వర్షాకాలంలో ఒక ఉదయం బస్సు వెళ్ళిపోతుందన్న తొందరలో, మంచం మీదికి ఒంగి ఆయన్ని లాగాను. నడుంలో ఏదో తెగినట్టయింది. ఇద్దరం గచ్చు మీద పడ్డాం, ఆయన నా మీద. నేను కదల్లేను, ఆయన పక్కకు దొర్లలేరు.

"ఒంగీసేవు గదే! ఎన్నిసార్లు సెప్పేను నీకు..." అంటూ ఏడ్చేశారు. ఆయన ఏడవగా చూడటం నాకదే మొదలు. పాలామె వచ్చి మనుషుల్ని పిలిచేదాకా అలాగే పడివున్నాం.

అప్పట్నుంచి ఎత్తడానికి తమ్ముడే వచ్చేవాడు. ఒకసారి షెడ్డు చూస్తానంటే రిక్షాలో తీసుకెళ్ళాం. కొత్తగా చేరిన మెకానిక్ ఒక జీపు ఇంజన్ మీద పూర్తిగా ఒంగి పనిచేస్తున్నాడు. ఈయన కేకేస్తారనుకున్నాను. అతన్ని చాలాసేపు చూసి, "ఇంటికెళ్ళిపోదాం," అన్నారు. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

ఎనభైల మధ్యలో, వీపున పుండ్లు మానక, జ్వరంతో పోయారు. కర్మలయ్యాక నేను మళ్ళీ స్కూలుకి వెళ్ళడం మొదలుపెట్టాను. పొద్దున్నే, ఆయన్ని లేపే వేళకే మెలకువ వచ్చేది. బస్సు టైము దాకా ఏం చెయ్యాలో చాలా రోజులు తోచలేదు.