చిన్న పత్రం, మూడక్షరాలు

ఊళ్ళో అందరికీ ఆయన బ్రేకు మాస్టారు. కారు నడపడం నేర్పే బడి ఆయనది. బడి అంటే పెద్దగా ఊహించుకోనక్కర్లేదు. ఒక గది, ఒక బల్ల, గోడమీద రోడ్డు గుర్తుల పటం, గుమ్మం ముందు ఒక పాత కారు. ఆ కారులో పక్క సీటు కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాళ్ళు కంగారులో ఒకటి తొక్కబోయి ఇంకోటి తొక్కినప్పుడల్లా మాస్టారు దానిమీద కాలు వేసి, గొంతు పెంచకుండా, "పర్లేదమ్మా, మళ్ళీ మొదలెడదాం" అంటారు. ఇరవై ఏళ్ళుగా ఆయన నోట ఆ మాటే. అంత ఓర్పు గల మనిషి ఇంకొకరు లేరని ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళు చెప్పుకుంటారు.

వాళ్ళెవరూ పొద్దున్నే పేపరు వచ్చాక ఆయన మొహం చూసి ఎరుగరు.

పేపర్లో ఆఖరి పేజీకి ముందు పేజీలో, కింద మూలన, గళ్ళ నుడికట్టు ఉంటుంది. లైసెన్సు ఆఫీసులో శిష్యుల వంతు కోసం పడిగాపులు పడే రోజుల్లో మాస్టారు దాన్ని మొదలుపెట్టారు. అడ్డం, నిలువు, పక్కన ఆధారాలు. అయితే ఈ ఆధారాలు సూటిగా ఏదీ చెప్పవు. 'పాటకి వేసేది, తలుపుకీ వేసేది' అంటే తాళం. 'తల తిరిగితే తీగ' అంటే, తల అన్న మాటని వెనక నుంచి చదివితే లత. అర్థమయ్యాక "ఓస్ ఇంతేనా" అనిపిస్తుంది. అర్థమయ్యేదాకా జుట్టు పీక్కోవాలనిపిస్తుంది. మాస్టారికి ఈ రెండోదే ఎక్కువ. అయినా ఆయన పెన్సిలు పట్టరు, పెన్నుతోనే రాస్తారు. తప్పయితే దానిమీదే ఇంకో అక్షరం దిద్దుతారు. మధ్యాహ్నానికి గళ్ళన్నీ సిరా పూసుకుని నల్లగడి ఏదో తెల్లగడి ఏదో తెలియకుండా పోతాయి.

దీనికి తోడు ఆయనకో బావమరిది ఉన్నాడు. భార్యకి తమ్ముడు. సందు చివర కళ్ళజోళ్ళ షాపు. చీమ తలంత మరలు పట్టుకుని పని చేసే చెయ్యి, చీమ తలంత చిక్కులు విప్పే బుర్ర. ఆ గళ్ళు అతనికి పళ్ళు తోముకున్నంత పని. తోముకున్నాక ఊరుకుంటే బాగుండేది. ఊరుకోడు. వెంటనే ఫోను చేస్తాడు.

"బావా, పేపరొచ్చిందా?"

"వచ్చింది. ఇంకా చూడలేదు."

"ఆరు అడ్డం చూశావా? భలే ఇచ్చాడు!"

"చూడలేదన్నానుగా. పెట్టేయ్."

"చెప్పను, చెప్పను. 'క' అక్షరంతో మొదలవుతుందని మాత్రం..."

మాస్టారు ఫోను పెట్టేసేసరికే సగం సంగతి చెవిలో పడిపోయేది. ఇక ఆ గడి చూస్తే ఆకలి చచ్చినట్టుండేది. ఫోను తియ్యడం మానేశారు. అప్పుడతను అక్కకి చేశాడు. ఆవిడ వంటింట్లోంచి గిన్నె తోముతూ, "ఏవండీ, తొమ్మిది నిలువు ఏదో పువ్వు పేరట, తమ్ముడు చెప్పమన్నాడు" అని కేకేసేది. ఆవిడకి గళ్ళూ తెలియవు, గొడవా తెలియదు. తమ్ముడు చెప్పమన్నాడు, చెప్పింది.

ఒక ఆదివారం అది ముదిరి పాకాన పడింది. ఆ రోజు మాస్టారికి కలిసొచ్చింది. ఒక్క దిద్దుబాటు లేకుండా గళ్ళన్నీ నిండాయి. ఒకే ఒక్కటి మిగిలింది. 'పాము వేసింది, క చేరితే కంటికి చేరింది.' మూడక్షరాలు. పెన్ను మూత తీసి పట్టుకుని, కళ్ళు మూసుకుని, "పాము వేసేది... పాము వేసేది..." అనుకుంటూ ఆ అంచుకి వచ్చారు. ఇంకో క్షణంలో దొరికేదే.

భార్య ఫోను మోగింది. చేతులు తడిగా ఉన్నాయని ఆవిడ స్పీకరు నొక్కింది.

"అక్కా! బావకి చెప్పు, ఇవాళ్టి ఆఖరిది కాటుక! కాటు పక్కన క! ఎంత ముద్దుగా ఉందో చూడమను!"

మాస్టారు లేచి వంటింట్లోకి వచ్చారు. జన్మలో గొంతు పెంచని మనిషి పెంచారు.

"ఒరేయ్, నీ నోటికి మూతే లేదా? నా పళ్ళెంలో ముద్ద నువ్వు మింగేస్తున్నావురా రోజూ! ఇంకోసారి ఈ గళ్ళ గురించి నా ఇంటికి ఫోను చేశావో, నేను నీకు బావనీ కాను, నువ్వు నాకు బామ్మర్దివీ కాదు!"

అవతల "సరే బావా" అని చిన్నగా వినిపించి ఫోను ఆగిపోయింది.

భార్య ఆ సాయంత్రం టీ గ్లాసు బల్లమీద పెట్టిన తీరులోనే అంతా అనేసింది.

ఆ తర్వాత ఫోను రాలేదు. మాస్టారు మొదటి రెండు మూడు రోజులు రాజులా కూర్చుని గళ్ళు నింపుకున్నారు. తర్వాత ఎందుకో రుచి తగ్గింది. మంచి ఆధారం ఒకటి విప్పినప్పుడు "చూశావా వీడి తెలివి!" అనడానికి తల ఎత్తితే, ఎదురుగా గోడ. భార్యతో అంటే, "నాకెందుకండీ, మా తమ్ముడుంటే వినేవాడు" అనేది. ఆ మాట దగ్గర సంభాషణ తెగిపోయేది.

ఇలా ఉండగా ఆ ఆధారం వచ్చింది.

'చిన్న పత్రం, చూస్తే ఒళ్ళు మండుతుంది.' మూడక్షరాలు.

మాస్టారు చదవగానే నవ్వేశారు. ఆయన వృత్తిలో దానికి ఒకటే జవాబు. చలానా! పోలీసు చింపి చేతిలో పెట్టే ఆ చిన్న కాగితం చూసి ఒళ్ళు మండని డ్రైవరుంటాడా? పెన్నుతో గట్టిగా ఒత్తి రాశారు. చ, లా, నా.

చిక్కంతా ఆ 'నా' దగ్గర వచ్చింది. అక్కణ్ణించి కిందికి ఇంకో మాట మొదలవ్వాలి. 'ఎటునుంచి చదివినా చిన్న నిద్రే.' అది కునుకు అని పసిపిల్లలకి కూడా తెలుస్తుంది. కానీ కునుకు 'నా'తో మొదలవ్వదు. మాస్టారు చలానాని వదులుకోలేదు. నిద్రకి 'నా'తో మొదలయ్యే మాట ఏదైనా ఉందేమోనని నిఘంటువు తిరగేశారు. లేదు. ఇక తప్పు పేపరు వాడిదేనని తేల్చుకున్నారు.

ఆ కోపం కారులోకి కూడా వెంట వచ్చింది. ఆ పూట నేర్చుకుంటున్నది పళ్ళ డాక్టరమ్మ. పరీక్ష రెండుసార్లు తప్పి మూడోసారికి తయారవుతోంది. నాలుగు రోడ్ల కూడలి దగ్గరకి వచ్చాక భయంభయంగా అడిగింది.

"కుడికా, ఎడమకా మాస్టారూ?"

"నిలువు" అన్నారు మాస్టారు, ధ్యాస ఇంకా కునుకు మీదే ఉండి.

నిలువు అంటే నిలబడమన్నారేమో అనుకుని ఆవిడ కూడలి నడిమధ్యన కారు ఆపేసింది. వెనక లారీ, దాని వెనక బస్సు, హారన్లే హారన్లు. మాస్టారు తేరుకుని, "అయ్యో, నిలువు కాదమ్మా, నేరుగా, నేరుగా!" అనేసరికి ఆవిడ కంగారుగా క్లచ్చి వదిలేసింది, ఇంజను ఆగిపోయింది. ఒక స్కూటరాయన కిటికీ పక్కకి వచ్చి, "నేర్పేవాడికి ముందు నేర్పండమ్మా" అని చెప్పి పోయాడు. ఆ మాట మాస్టారికి ముల్లులా దిగింది.

మర్నాడు పేపర్లో జవాబులు వచ్చాయి. ఆ మూడక్షరాలూ చిరాకు.

మాస్టారు దాన్ని ఎంతసేపు చూశారో! కునుకు సరిపోయింది, నిజమే. చిరాకు అంటే ఒళ్ళు మండడం, అదీ నిజమే. మరి చిన్న పత్రం ఎక్కడ? జవాబు చేతిలో ఉండి కూడా అది ఎలా అయిందో తెలియకపోవడం అసలు జవాబే దొరకకపోవడం కన్నా పెద్ద బాధ. భార్యని అడిగారు. "చిరాకంటే ఏంటో నాకు తెలుసు, రోజూ చూస్తున్నాగా" అంది ఆవిడ. చెప్పేవాడు ఊళ్ళో ఒకడే ఉన్నాడు. వాడి నోరు మూయించింది తనే.

సాయంత్రం పాఠం అయ్యాక డాక్టరమ్మతో, "ఆ సందులోకి పోనివ్వమ్మా, ఇరుకు సందులో ఆపడం కూడా నేర్చుకోవాలి" అన్నారు. కారు కళ్ళజోళ్ళ షాపు ముందు ఆగింది.

బావమరిది ఒక ఫ్రేముకి మర బిగిస్తున్నాడు. తలెత్తి చూసి, "రా బావా. కళ్ళు చూపించుకుంటావా?" అన్నాడు, గిరాకీతో మాట్లాడినట్టు.

మాస్టారు పేపరు గాజుబల్ల మీద పెట్టారు. "ఈ చిరాకు ఎలా అయిందిరా?"

"నేను చెప్పకూడదుగా."

"ఇప్పుడు నేనే అడుగుతున్నా."

"గళ్ళ గురించి మాట్లాడితే నువ్వు నాకు బావవి కావన్నావు. మా అక్కకి నేనేం చెప్పుకోను?"

"ఒరేయ్, బతిమాలించుకోకు. నిన్నట్నించీ బుర్ర తొలిచేస్తోంది."

"బుర్ర తొలిస్తే ఎలా ఉంటుందో నాకూ తెలుసులే" అన్నాడతను. స్క్రూడ్రైవరు పక్కన పెట్టాడు. "ఈ సందంతా వెతికినా కాటుక బావుందని చెప్పుకోడానికి ఒక్కడు లేడు బావా. మా ఆవిడ వినదు. గిరాకీలు వినరు. నీకు చెప్తే నీకు కోపం. నేనెవరికి చెప్పుకోవాలి?"

మాస్టారికి తన మీదే ఒళ్ళు మండింది, వాడిమీద కూడా మండింది. "నేను రాశాక చెప్పు. అంతేగా నేను కోరింది. రాయకముందు ఎందుకురా?"

"ఆగలేను బావా."

"ఆగడం నేర్చుకో! బ్రేకు అనేదొకటి ఉంటుంది!"

అతను నవ్వాడు. అయినా జవాబు నోటికి ఇవ్వలేదు. "చిన్నకి ఇంకో మాట చెప్పు."

"చిట్టి. బుల్లి. చిరు..."

"పత్రానికి?"

"కాగితం. పేపరు..." మాస్టారు ఆగిపోయారు. "ఆకు. చిరు, ఆకు. చిరాకు!" అంటూనే బల్లమీద చరిచారు. అద్దాలన్నీ గలగలలాడాయి. సంతోషం కాదది. "ఇదేం సంధిరా! నిలువు, అద్దం కలిస్తే నిలువుటద్దం. చిగురు, ఆకు కలిస్తే చిగురుటాకు. అలాగే ఇది చిరుటాకు అవ్వాలి కదా!"

"పద్యంలో అవుతుంది బావా. పేపర్లో అవ్వక్కర్లేదు."

"వ్యాకరణం పేపరుకొకటి, పద్యానికొకటీనా? వీడు తప్పిచ్చాడు!"

"తప్పు కాదు, నువ్వు చలానా రాసుకుని మూర్ఖంగా కూర్చున్నావు!"

"చలానాకేం తక్కువైంది? చిన్నదీ అవును, పత్రమూ అవును, మండేదీ అవును!"

వాళ్ళ గొంతులకి పక్క షాపుల వాళ్ళు తొంగిచూశారు. కళ్ళజోడు కోసం వచ్చిన పెద్దాయన ఒకరు నిలబడి నిలబడి వెళ్ళిపోయారు. బయట డాక్టరమ్మ, ఇక ఎవరూ రారని అర్థం చేసుకుని, తనంతట తనే కారు వెనక్కి తీసి, గోడకి తగలకుండా తిప్పి, రోడ్డు వైపు మొహం పెట్టి నిలబెట్టింది. ఆ పని ఆవిడ అంతకుముందు ఒక్కసారీ చెయ్యలేకపోయింది. మాస్టారు చూడనే లేదు.

ఆ వారంలో ఒక ఒప్పందం కుదిరింది. పొద్దున నోరు విప్పకూడదు, సాయంత్రం షాపులో ఎంతైనా మాట్లాడుకోవచ్చు. బావమరిది దాన్ని వారానికి రెండు సార్లయినా తప్పుతాడు. తప్పినప్పుడల్లా మాస్టారు ఫోను దూరంగా పెట్టి తిడతారు. చిరాకు సంధి మీద మాత్రం ఇద్దరూ ఇప్పటిదాకా ఒక మాట మీదకి రాలేదు. మాస్టారు ఆ రోజు పేపరు ముక్క కత్తిరించి గదిలో రోడ్డు గుర్తుల పటం పక్కన అంటించారు. అందులో ఆయన చలానా అలాగే ఉంది. దాన్ని ఆయన కొట్టెయ్యలేదు.