ఇశ్రాయేలు వాయించిన మూడు క్యాసెట్లు

ఇశ్రాయేలు రైల్వేలో ఖలాసీ. వారమంతా ఇనుము మోసిన ఆ చేతులు, ఆదివారం ప్రార్థన ముగిసి జనం వెళ్లిపోయాక, చర్చిలోని పాత పియానో మెట్ల మీద చినుకుల్లా నడిచేవి. పాడేవాళ్లు లేరు, తోడు వాద్యం లేదు. వినేవాడూ ఒక్కడే. దబీర్‌పురా స్టేషన్ పక్కన టేప్‌రికార్డర్లు బాగుచేసే కరీం.

కరీంకు తన పనంటే గర్వం. ఆ వాయింపును టేపు మీదికి ఎక్కించేటప్పుడు సంగీతం తప్ప మరేదీ ఉండకూడదు. దగ్గు వినిపించినా, రైలు కూత పడినా మళ్లీ మొదటి నుంచి. చివరి స్వరం ఆరిపోగానే రికార్డర్ ఆపే మీట నొక్కేసేవాడు. అట్లా ఏళ్ల తరబడి వడకడితే మిగిలినవి మూడు క్యాసెట్లు.

ఎనభై మూడు ఎండాకాలంలో ఇశ్రాయేలు పోయాడు. నలభయ్యో రోజు ప్రార్థన కూటం అయిన మర్నాడు అతని భార్య రాజమణి కరీం దుకాణం మెట్లెక్కింది.

"భాయ్, ఆయన మొఖం యాదికున్నది. గొంతు యాదికొస్తలేదు. పొద్దున్నుంచి ఎతుకుతున్న. ఒక్క మాట ఉంటే ఇనిపియ్యి."

కరీం మొదటి క్యాసెట్ పెట్టాడు. వాన వెలిసిన ఆదివారం నాటిది. తడిసిన గాజు మీదుగా వెలుతురు జారినట్టుంది. తర్వాతది మొహర్రం రోజులది. వీధి దుఃఖంలో ఉందని ఎడమచేత్తోనే, తగ్గించి వాయించాడు.

"నాకు గిదంటే పానం, భాభీ."

"మస్తున్నది. మాటేది? ఇంట్ల గడియసేపు నోరు మూయని మనిషిని మూగోన్ని చేసినవ్ గద భాయ్!"

మూడోది జబ్బు ముదిరాక వాయించింది. వేళ్లు రెండుచోట్ల తడబడ్డాయి. మళ్లీ వాయించమనడానికి కరీంకు మనసు రాలేదు. చివరి స్వరం ఆరింది. ఆ వెంటనే ఒక ఊపిరి, మాటకు ముందు మనిషి పీల్చుకునే ఊపిరి. టక్‌మని మీట.

రాజమణి లేచి నిలబడింది. "మళ్ల పెట్టు."

ఊపిరి. టక్.

"ఏమో అనబోయిండు. ఏంది భాయ్ అది?"

"'ఎట్లున్నది, కరీం?' అని. వాయించినప్పుడల్లా గదే అడుగుతుండె."

"నువ్వేం చెప్పినవ్?"

కరీం తలెత్తలేదు.

"గా దినం చుప్ ఉండమని చెయ్యి చూపిచ్చి మీట నొక్కిన. పియానో మూత పెట్టి లేచిండు. మళ్ల అడగలే."