నొప్పికి పది శెనక్కాయలు

అనంతపురంలో ఒక ఫిజియోథెరపీ క్లినిక్‌లో బోర్లా పడుకుని ఉన్నాను. తొడ వెనక పెట్టిన లేజరు పరికరం ‘బీప్’ అన్నప్పుడల్లా ముక్కుకు పచ్చి శెనక్కాయల వాసన తగులుతోంది. ఆ వాసన వెంటే ఓబులేసు సారు గుర్తొస్తారు, భుజాన తువ్వాలుతో, చేతిలో రేకు డబ్బాతో.

సాయంత్రాలు శింగనమల మైదానంలో ఆయన మాకు ఖోఖో నేర్పేవారు. దేన్నీ ఊరికే నమ్మేవారు కాదు. వానొస్తాంది సార్ అంటే ముందు చెయ్యి చాపి చూసేవారు. మా సీమలో దాన్ని అనుమానం అనరు, అనుభవం అంటారు.

నేను డిగ్రీలో ఉండగా, జిల్లా ఎంపికలకు నెల ముందు, తొడ వెనక కండరం పట్టేసింది. నాతో కలిపి పదిమందిమి అలా కుంటుతున్నాం. అప్పుడే ఒక అమ్మకందారు లేజరు యంత్రం తెచ్చాడు. “కండరం సాగుతాది, బలమొస్తాది, నొప్పి పోతాది సార్. మూడూ ఒకేసారి!”

“మూడూనా? అయితే మూడూ కొలుద్దాం లేప్పా,” అన్నారు సారు.

కాళ్లు చాపి కూర్చుని ముందుకు వంగితే వేళ్లు ఎక్కడిదాకా వస్తాయో సుద్దతో గీత గీశారు. మడమకు ఇసుక సంచి కట్టి, బోర్లా పడుకుని ఎన్నిసార్లు ఎత్తితే అంత బలం. నొప్పికి పది శెనక్కాయలు. ఎంత నొప్పి ఉంటే అన్ని కాయలు డబ్బాలో వెయ్యాలి.

“కాయలు తినేసి నొప్పి తగ్గిందనొద్దు పాపా. పొట్టు నాకు కనబడతాది.”

చీటీలు వేశారు. ఐదుగురికి యంత్రం తాళం తిప్పుతారు, ఐదుగురికి తిప్పరు. తాళం తిప్పితేనే లేజరు వస్తుంది. ఎర్రదీపం, బీప్ అందరికీ ఒకటే. ఇష్టం లేనివాళ్లు ఇప్పుడే చెప్పండన్నారు. ఎవరూ లేవలేదు. తెర వెనక తాళం ఆయన చేతిలో ఉండేది. కొలతలు మాత్రం చీటీల సంగతేమీ తెలియని లైబ్రరీ మేడం తీసుకునేవారు.

“మీరే కొలవచ్చు కదా సార్?” అన్నాను.

“నేను కొలిస్తే నా కన్ను నాకు కావాల్సిందే చూస్తాదమ్మా. ఈ పెట్టె దొంగదని తేలాలని నాకు ఆశ ఉండాది.”

మూడో వారానికి నా కాయలు ఎనిమిది నుంచి రెండుకు దిగాయి. వేళ్లు గీత దాటాయి. కాంతి కండలోకి వెచ్చగా దిగడం కూడా నాకు తెలిసేది! ఎంపికలకు సంచి సర్దుకున్నాను. సారు చీటీలు పెట్టి అంటించిన కవరు విప్పారు. నా పేరు తాళం తిప్పనివాళ్లలో ఉంది.

“మోసం చేసినారు సార్!”

“నొప్పి తగ్గింది నిజమేమ్మా. మూడు వారాలు ఉరకకుండా ఉండావు. ఇసుక సంచి చూడు, ఆ పొద్దు ఆరుసార్లు, ఈ పొద్దూ ఆరుసార్లే. ఈ కాలితో ఉరికితే కండ తెగుతాది.”

ఫలితం చూడ్డానికి వచ్చిన అమ్మకందారు నవ్వాడు. “పాపకు తగ్గింది కదా సార్, దీపమన్నా పనిచేసింది!”

“దీపమే చాలంటే గుళ్లో పెట్టిస్తాం లేప్పా. ఈ పెట్టె యాల కొనాల?”

తాళం తిప్పినవాళ్లకూ మాకంటే పెద్దగా ఒరిగిందేమీ లేదు. అయినా సారు గెలిచానని చాటుకోలేదు. “పది కాళ్లతో లోకం సంగతి చెప్పలేం. నాకు తెలీదని రాస్తా,” అని అమ్మకందారుకు అలాగే రాసిచ్చారు. బాబాలను నిలదీసినవాళ్లను తర్వాత ఎందరినో చూశాను, వాళ్లతో హేతువాద సభల్లో వేదికలెక్కాను. తన అనుమానాన్ని కూడా అనుమానించిన మనిషిని ఆయన్నొక్కణ్ణే చూశాను.

ఆ ఏడు ఎంపికలకు నేను పోలేదు. మళ్లీ అవకాశం రాలేదు. చాలాకాలం ఆయన్ను తిట్టుకున్నాను, ఆ కాలి మీదే నడుస్తూ.

బీప్ ఆగింది. “తేలిగ్గా ఉందా మేడం?” అని అడిగాడు క్లినిక్ కుర్ర డాక్టరు. నిజంగానే తేలిగ్గా ఉంది. అందుకే ముందు కొలిపించుకోవాలనుకున్నాను. లేచి కాళ్లు చాపి ముందుకు వంగాను. పక్క మంచం మీది పెద్దావిడను పిలిచాను.

“అమ్మా, రోంత చూసి చెప్పు. నా వేళ్లు యాడికొచ్చినాయి?”