జిహ్వగారి బన్ను

తెలిసినవాళ్ళలో ఎవరికి ఏది తినబుద్ధయినా ముందు ఫోను చేసేది ఆయనకే. జలుబు చేసి వేడి సూపు కావాలన్నా, అలిగిన భార్యకు కేకు కావాలన్నా ఆయన కళ్ళు సగం మూసుకుని, పెదవులు ఒకసారి చప్పరించి, ఏ వీధిలో ఏ షాపో, ఏ వేళకు వెళితే పొయ్యి మీద నుంచి దిగుతూ దొరుకుతుందో చెప్పేసేవారు. లిఫ్టుల కంపెనీలో అందరూ ఆయనను జిహ్వగారనేవారు. ఎగతాళికే అలా పిలుస్తున్నారని ఆయనకూ తెలుసు. అయినా ఆ పేరును విజిటింగ్ కార్డు మీద వేయించుకోకుండా నిగ్రహించుకున్నందుకు తన వినయాన్ని తానే మెచ్చుకునేవారు.

పాతికేళ్ళు లిఫ్టు మెకానిక్కుగా తిరిగితే అబ్బిన విద్య అది. ఏ మేడలో లిఫ్టు బాగుచేయడానికి వెళ్ళినా కింద ఒక తిండి షాపు ఉండకపోదు. ఇప్పుడు సూపర్‌వైజరై కుర్చీకి అతుక్కుపోయారు కనుక ఆ విద్యకు సాక్ష్యం పొట్ట ఒక్కటే మిగిలింది.

అలాంటాయనకు సొంత ఇంట్లోనే పరీక్ష వచ్చిపడింది. కూతురికి మూడో నెల. వేవిళ్ళు పట్టుకుని, పుట్టింటికి వచ్చి మంచం దిగడం లేదు. మంచినీళ్ళు తాగినా కక్కేస్తోంది. మనిషి చిక్కి సగమైంది. నోటికి ఏది సహిస్తే అదే పెట్టండి, ఇంకా ఇలాగే ఉంటే ఆస్పత్రిలో చేర్చక తప్పదని డాక్టరమ్మ చెప్పింది. ఏం తింటావని తల్లి బతిమాలితే, చిన్నప్పుడు నాన్న తెచ్చే బన్ను కావాలంది.

ఆ మాట వినగానే జిహ్వగారికి బెంగతో పాటు కాస్త సంబరం కూడా కలిగింది. పిల్ల అంత అవస్థలో ఉంటే సంబరపడినందుకు ఆయనకే సిగ్గేసింది. సిగ్గుపడుతూనే చెప్పులు వేసుకున్నారు.

మొదట తెచ్చింది ఊరి మొత్తానికీ పేరున్న బేకరీ బన్ను. అమ్మాయి ఒక్క ముక్క కొరికి, ఇది దూదిలా ఉందని పక్కన పెట్టేసింది. వెన్న రాసిందీ నువ్వులు అద్దిందీ వచ్చాయి. ఆ వాసనకే స్నానాల గదిలోకి పరుగెత్తింది. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డదంటే ఇదేనని భార్య వంటింట్లోంచి వినిపించేలా అంది. ఆయన వినిపించుకోనట్టు నటించారు. మరి ఎలా ఉండేదో చెప్పు తల్లీ అని కూతురి పక్కన కూర్చుని అడిగారు. పైన పెళుసుగా, లోపల వెచ్చగా, ఒక పక్క అణిగిపోయి ఉండేదని ఆమె కళ్ళు మూసుకునే చెప్పింది.

ఇక ఆయనకు సందేహం లేకపోయింది. ఆ రోజుల్లో తాను కొన్నది మూలమలుపు బేకరీలో. అది ఎప్పటినుంచో అక్కడే ఉంది. చవకరకం షాపు కదా అని పదేళ్ళుగా ఆయనే గుమ్మం తొక్కలేదు. వెళ్ళి, పాతకాలపు బన్ను కావాలి, పెళుసుగా, ఒక పక్క అణిగి ఉండాలని అడిగారు. పిండి చేతులతోనే వచ్చిన ముసలి బేకరీ ఆయన ఓపిగ్గా విన్నాడు.

“నా చెయ్యి మారలేదు, పొయ్యీ మారలేదు సార్. అణిగిపోయిన బన్ను నేనెప్పుడూ అమ్మలేదు. అమ్మితే ఎవరు కొంటారు?”

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం జిహ్వగారు. ముసలాయనకు మతిమరుపు వచ్చిందని తీర్మానించుకున్నారు. సరే, పిల్లకు చూపించి అవుననో కాదనో అనిపించుకుందామని ఒక బన్ను కాగితంలో కట్టించుకున్నారు.

గుమ్మం దాటారో లేదో ఆఫీసు నుంచి ఫోను. తమ ఇంటి పక్కవీధి మేడలోనే లిఫ్టు ఆగిపోయింది, మెకానిక్కు సెలవులో ఉన్నాడు. చేసేదిలేక ఆయనే మెట్లెక్కారు. ప్రతి అంతస్తులోనూ ఆగి, ఇదివరకు తిన్న కేకులన్నిటికీ పేరుపేరునా క్షమాపణ చెప్పుకున్నారు. పైనున్న మోటారు గదిలోకి అడుగుపెట్టగానే చేతులు పాత అలవాటు ప్రకారం వాటి పని అవి చేసుకుపోయాయి. మోటారు పక్కన ఎప్పుడూ కాగుతూ ఉండే ఇనుప పెట్టె మీద తిండి పొట్లం పెట్టి, జారిపోకుండా దాని మీద స్పానర్ల సంచీ ఆనించి పనిలో పడ్డారు. లిఫ్టు కదిలేసరికి సాయంత్రమైంది. సంచీ తీసి చూస్తే బన్ను సంగతి గుర్తొచ్చింది. ఒక పక్క అణిగిపోయింది. పైన ఎండి గట్టిపడింది. పట్టుకుంటే వెచ్చగా ఉంది.

ఆయన అక్కడే గట్టు మీద కూలబడ్డారు. పాతికేళ్ళు అన్ని మేడల మీదా బన్ను పొట్లాన్ని ఇలాగే పెట్టారు. ఊళ్ళో బేకరీలన్నీ గాలించినవాడికి ఆ బన్ను కాల్చింది లిఫ్టు మోటారని తెలియడానికి ఇంతకాలం పట్టింది. ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. ఏది ముందో తేల్చుకోకుండా పొట్లం పట్టుకుని ఇంటికి నడిచారు.

అమ్మాయి అంచు కొరికింది. నమిలింది. తల్లి బేసిన్ పట్టుకుని సిద్ధంగా నిలబడింది. బేసిన్ అవసరం రాలేదు. సగం అయ్యాక కూతురు దిండుకు ఆనుకుని కూర్చుంది.

“ఇదే నాన్నా. ఏ షాపుది?”

ఎంతోమందికి చిరునామాలు చెప్పిన నోటితోనే మూల బేకరీ సంగతీ, ఇనుప పెట్టె సంగతీ దాచకుండా చెప్పేశారు. భార్య నవ్వు ఆపుకోలేక కుర్చీలో కూర్చుంది. కూతురు మాత్రం బన్ను వైపే చూస్తూ అంది.

“వెచ్చగా ఉండేది కదా. షాపు నుంచి నాకోసం పరిగెత్తుకుంటూ వచ్చేవాడివేమో అనుకునేదాన్ని.”

పరుగా? ఆ రోజుల్లో దారిలో ఉన్న ప్రతి షాపు దగ్గరా ఆగి, ఇది రుచి చూసి అది రుచి చూసి, చీకటి పడ్డాకే ఇల్లు చేరేవారు. బన్ను చల్లారకపోవడం దాన్ని వేసుకొచ్చిన, పెట్టె మీద కాగిన స్పానర్ల సంచీ చలవే. అయినా పిల్ల నమ్మకాన్ని కాదనలేక, మిగతా సగం కూడా తినేయ్ తల్లీ అని మాత్రం అన్నారు.

మర్నాడు మధ్యాహ్నం కంపెనీలో ఎవరో ఫోను చేసి మంచి బన్ను ఎక్కడ దొరుకుతుందని అడిగారు. తనకు తెలియదని చెప్పి జిహ్వగారు ఫోను పెట్టేశారు. సాయంత్రం మూల బేకరీలో ఒక బన్ను కట్టించుకుని పక్కవీధి మేడ మీదికి వెళ్ళారు. లిఫ్టు మళ్ళీ చెడిందా అని వాచ్‌మన్ కంగారుపడితే, బాగానే ఉంది, మా అమ్మాయికి బన్ను కాలుతోందని చెప్పారు. పొట్లం వెచ్చబడగానే తీసి చొక్కా లోపల పెట్టుకుని, పొట్ట ఒక చేత్తో పట్టుకుని, ఆ వీధి పొడుగునా ఏ షాపు వైపూ చూడకుండా ఇంటిదాకా పరిగెత్తారు.