ఏడెత్తుల ముందుచూపు

గోరంతను కొండంత చేస్తానని ముందే ఒప్పుకుంటున్నాను. మొన్న తిరువూరు బస్టాండులో విజయవాడ బస్సు కోసం నాతోపాటు నాలుగు వేల మంది ఎదురుచూస్తున్నారు. పక్కనే ఒక బట్టల కొట్టు యజమాని ఫోన్లో చదరంగం ఆడుతున్నాడు. ఒకప్పుడు అరుగు మీద ఆడేవాణ్ని పనిలేనివాడనేవారు. ఇప్పుడు ఫోన్లో ఆడితే మేధావట!

"అవతల ఆడేది పోలండువాడండి, మంత్రిని పోగొట్టుకున్నాడు. నేను ఏడెత్తులు ముందే చూస్తాను" అన్నాడు, అడక్కుండానే.

"ముందు బస్సు చూడండి మహానుభావా! సీటు దొరక్కపోతే రెండు గంటలు నిలబడాలి."

"ఉండండి మాస్టారూ, ఆటలో నా టైము అయిపోతోంది."

బస్సు రాగానే సీటు ఆపుకోవడానికి జనం కిటికీల్లోంచి తువ్వాళ్లు, సంచులు, ఒక మామిడిపళ్ల బుట్ట లోపలికి విసిరారు. మేధావి తలెత్తలేదు. విజయవాడ దాకా కడ్డీ పట్టుకుని వేలాడాడు. నేను కిటికీ పక్కన కూర్చుని జాలిపడ్డాను.

కల్పించింది ఈ చివరి రెండు వాక్యాలే. అతను ఫోన్ మీంచి చూపు తిప్పకుండా ఎడంచేత్తో జేబురుమాలు విసిరితే సరిగ్గా కిటికీ పక్క సీట్లో పడింది. అతని ఆటలోకి తొంగిచూస్తూ నా తువ్వాలు భుజం మీదే మరిచిపోయి, వేలాడింది నేను.

"ఇంకో ఆట మొదలెడుతున్నా మాస్టారూ, అక్కణ్ణుంచి కనపడుతోందా?" అన్నాడు.