వశిష్ఠ మీద మేజోళ్ళ వాసన

దెయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. అందుకు నాకున్న కారణం మీలో ఎవరికీ ఉండి ఉండదు: ఒక దెయ్యాన్ని నేనే తయారుచేశాను. రాజోలు దగ్గర ఒక హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసిన రోజుల్లో హాస్టలు పిల్లలు గోడ దూకి సినిమాలకు పోతుంటే, అవతలి కొబ్బరితోటలో తెల్లచీర ఆవిడ తిరుగుతోందని పుట్టించాను. ఆవిడకు ఒక పేరు పెట్టాను. నడకలో కాస్త కుంటు కూడా పెట్టాను. ఏడాది తిరిగేసరికి ఆవిడను కళ్ళారా చూశామనే మాస్టర్లు కూడా తేలారు. అప్పటి నుంచి ఎవరు ఏ దెయ్యం సంగతి చెప్పినా, దీన్ని ఏ డ్రిల్లు మాస్టారు పుట్టించాడో అనుకుంటాను.

కాబట్టి ఇప్పుడు రాయబోయేది దెయ్యం సంగతి కాదు. ఒక వాసన సంగతి.

ముందు నా ముక్కు గురించి చెప్పాలి. కరోనా జ్వరంలో నాకు వాసన పోయింది. మా వీధిలో అందరికీ తిరిగి వచ్చింది, నాకు రాలేదు. అమలాపురంలో డాక్టరు గారు నా కళ్ళు మూయించి కాఫీ పొడి పెట్టారు, ఇంగువ పెట్టారు, చివరికి స్పిరిట్ దూది పెట్టారు. దూది చురుక్కుమంది గాని వాసన లేదు. మా ఆవిడ సువార్తమ్మ ఎండుచేపలు వేయిస్తే వీధి చివరివాళ్ళకు తెలుస్తుంది, పక్కనే కూర్చున్న నాకు తెలియదు. ఒకసారి పొయ్యి ఆరిపోయి గ్యాసు వస్తుంటే, దాని ముందే కూర్చుని పేపరు చదువుకున్నాను. "ఈయన ముక్కు కళ్ళజోడు నిలబడ్డానికే పనికొస్తాదండీ" అని ఆవిడ చర్చిలో అందరికీ చెప్పింది.

మా పెద్దమ్మాయి కూతురు రూతు విమానాల్లో పనిచేస్తుంది. ఎయిర్ హోస్టెస్ అంటే ఊరుకోదు, క్యాబిన్ క్రూ అనాలి. "టీలివ్వడం మాకు చివరి పని తాతయ్యా. నిప్పంటుకుంటే అందర్నీ దింపడం మొదటి పని" అంటుంది. హైదరాబాదులో తోటివాళ్ళతో కలిసి ఒక సంఘం పెట్టింది. వాళ్ళు అడిగేవి గొంతెమ్మ కోరికలేమీ కావు. విమానం తలుపులు మూసి కదిలాక గాని వాళ్ళ గంటల లెక్క మొదలవదట. అంతకు ముందు జనాన్ని ఎక్కించడం, పైన పెట్టెలు సర్దడం, ముసలివాళ్ళను కూర్చోబెట్టడం ఏ లెక్కలోకీ రావు. ఆ పనికీ జీతం కట్టాలి. డ్యూటీకీ డ్యూటీకీ మధ్య నిద్రపోనివ్వాలి. విమానంలోకి ఇంజను నూనె పొగలాంటి వాసన ఏదైనా వస్తే, క్రూకు వెంటనే వైద్య పరీక్ష చేయించాలి. ఇంతే. బస్టాండులో టిక్కెట్లు కొట్టింది పనే కాదంటే ఏ కండక్టరు ఊరుకుంటాడు?

ఇక అసలు సంగతి. నిరుడు వానలు వెనకబట్టాక ఒక ఉదయం, కళ్ళజోడు మార్పించుకుందామని నరసాపురం బయల్దేరి సఖినేటిపల్లి రేవులో పంటెక్కాను. పంటంటే మనుషులనూ మోటారు సైకిళ్ళనూ కలిపి గోదావరి దాటించే పెద్ద పడవ. అక్కడి గోదావరి పాయ వశిష్ఠ మధ్యకు వచ్చేసరికి ఆకాశం ఒక్కసారిగా నల్లబడింది. నీళ్ళు కదలడం మానేశాయి. పంటు మీద వాలిన కాకులన్నీ ఒక్కపెట్టున లేచాయి. నా ఒంటి మీద వెంట్రుకలు...

ఆగండి. ఆకాశం నల్లబడలేదు, ఎండ బాగానే ఉంది. నీళ్ళు వాటి మానాన అవి పోతున్నాయి. కాకి ఒకటే ఉంది, అదీ లేవలేదు. ఊళ్ళో చెప్పి చెప్పి ఈ సంగతిని ఇంత చేశాను. ఇది అచ్చులోకి వెళ్తుంది కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తాను. మళ్ళీ ఎక్కడైనా జారితే నేనే చెప్తాను.

జరిగింది ఇది. నాకు వాసన వచ్చింది.

మొదట అది వాసనని కూడా తెలియలేదు. ముక్కులోకి ఏదో దూరిందనుకున్నాను. తర్వాత గుర్తుపట్టాను. వానలో ఫుట్‌బాల్ ఆడిన పిల్లలు బూట్లలో కుక్కేసి, మర్నాడు బయటికి తీసిన మేజోళ్ళు. ఉద్యోగమంతా ఆ వాసనలో గడిపినవాణ్ణి, పొరబడే ప్రసక్తి లేదు. కాకపోతే ఆ మేజోళ్ళను ఎవరో మాడిపోయిన నూనెలో వేయించినట్టుంది. గొంతులో పట్టేసింది.

ముక్కు వచ్చినందుకు సంతోషించాలో, ఇంజనులో ఏదో కాలుతున్నందుకు భయపడాలో తోచలేదు. నా తాళాల గుత్తికి ఇప్పటికీ డ్రిల్లు ఈల వేలాడుతుంటుంది. తీసి గట్టిగా ఊదాను.

పంటు నడిపే సరంగు నూకరాజు ఇంజను నెమ్మది చేసి, మూత ఎత్తి, వంగి వాసన చూసి, నా దగ్గరకు వచ్చాడు.

"డీజిలు వాసన తప్ప ఏమీ లేదండీ మాస్టారూ. అయినా మీకెలా వచ్చిందండీ? మీకు ముక్కు లేదు కదండీ?"

నా పక్కన రొయ్యల గంపతో మంగతాయారు కూర్చుని ఉంది. నరసాపురం మార్కెట్లో అమ్ముతుంది. నేను కంపు కంపు అని అరవడం తన గంప గురించే అనుకుంది.

"నా రొయ్యలు తెల్లారగట్ల పట్టినవండీ! ముక్కు లేని మనిషి నా సరుక్కి వంక పెడతారేంటండీ? ఏదీ, మళ్ళీ అనండి!" అంటూ ఫోను తీసి నన్ను వీడియో పట్టింది.

ఆ వీడియోలో నేనున్నాను. ఒక చేతిలో ఈల, ఇంకో చేత్తో ముక్కు మూసుకుని, "రొయ్యలు కాదమ్మా, మేజోళ్ళు! నూనెలో వేయించిన మేజోళ్ళు!" అని అరుస్తూ. అక్కడికక్కడే, నది మీద ఉండగానే, ఆవిడ దాన్ని రేవు వాళ్ళ గ్రూపులో పడేసింది. పంటు ఒడ్డుకు తగిలేసరికి నా ముక్కు మళ్ళీ మూగబోయింది. అనుమానం తీరక మంగతాయారు గంప మీదికి వంగి పీల్చాను. ఏమీ రాలేదు.

"చూసేరా?" అంది ఆవిడ, కోర్టులో గెలిచినట్టు.

ఆ సాయంత్రం మా అమ్మాయి ఫోను చేసింది. ఉదయం హైదరాబాదు నుంచి బయల్దేరిన విమానంలో రూతుకు ఏదో పాడు వాసన తగిలి, తల తిరిగి, చేతులు తిమ్మిరెక్కాయట. దిగిన ఊళ్ళో ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించారట. ప్రమాదమేమీ లేదట.

వారానికి రూతు మా ఇంటికి వచ్చింది. మనిషి బాగానే ఉంది గాని టీ గ్లాసు పట్టుకుంటే వేళ్ళు వణికేవి. ఆ విమానాన్ని కంపెనీ వాళ్ళు తనిఖీ చేసి ఏ వాసనా లేదన్నారు. తలుపులు బార్లా తెరిచాక వాసన అక్కడే కూర్చుంటుందా? పైగా గాలిలో ఉండగా వాసన వచ్చిందని చెప్పింది రూతు ఒక్కతే. వెనక తలుపు దగ్గర పనిచేసే వినయ్ అనే అబ్బాయిని అప్పుడే పిలిచి చూడమంటే, తనకేమీ రావడం లేదన్నాడు. సంఘం కోసం కట్టుకథ అల్లావని పై అధికారి అన్నాడు. నిద్రలేక పొరబడ్డానని సోమవారంలోగా రాసిస్తే మళ్ళీ డ్యూటీ వేస్తారు. రాయకపోతే ఉద్యోగం పోతుంది. రాసిందా, వాసన మాట, వైద్య పరీక్ష మాట సంఘం ఇక ఎత్తడానికి ఉండదు.

"ఊరికే నాకు అలా అనిపించిందేమో అమ్మమ్మా" అంది రూతు. మధ్యాహ్నం, వంటింట్లో. సువార్తమ్మ కత్తిపీట ముందు కూర్చుని కంద తరుగుతోంది. "అందరూ లేదంటుంటే నాకే నమ్మకం పోతోంది."

"ఇంతకీ ఏం వాసనమ్మా అది?" అన్నాను.

"సాక్సులు తాతయ్యా. తడి సాక్సులు కాలిన నూనెలో పడేసినట్టు. రిపోర్టులో అలాగే రాస్తే, సాక్సులేంటని నవ్వారు."

కత్తిపీట మీద సువార్తమ్మ చెయ్యి ఆగిపోయింది. నా వీడియోను ఆవిడకు అప్పటికే ఊరు ఊరంతా చూపించింది.

ఇక నేను మొదలుపెట్టాను. నల్లబడ్డ ఆకాశం, ఆగిపోయిన గోదావరి, లేచిన కాకులు, సరిగ్గా అదే క్షణంలో నా ముక్కులో అదే వాసన. రూతు చివరిదాకా విని, గ్లాసు కింద పెట్టింది.

"తాతయ్యా, రిపోర్టు ఎలా రాయాలో మాకు నేర్పుతారు. చూసింది, విన్నది, వాసన పట్టింది. అంతే. నువ్వూ అలా చెప్పు. ఈ ఒక్కసారికి. ఆకాశం?"

"ఎండ."

"కాకులు?"

"ఒకటి."

"లేచిందా?"

"లేదు."

"అదే క్షణమా?"

విమానం ఎన్నింటికి గాలిలోకి లేచిందో, రూతుకు వాసన ఎప్పుడు తగిలిందో మా అమ్మాయి ఫోనులోనే చెప్పింది. వీడియో గ్రూపులో ఎన్నింటికి పడిందో దాని కిందే ఉంది. రెండూ ఒకటి కావని నాకు మొదటి రోజు నుంచీ తెలుసు. అరగంట తేడా. అయినా ఊరందరికీ అదే క్షణమని చెప్పుకొచ్చాను. అలాగైతే వినేవాళ్ళు రక్తసంబంధం అండీ అని తలాడించి టీ పోస్తారు.

"అరగంట తేడా ఉందమ్మా."

"పోన్లే. నాకు వచ్చిన అరగంటకి నీకొచ్చిందన్నమాట."

"కాదు. నాకే ముందు."

అన్నీ పెంచి చెప్పే నేను అప్పటిదాకా తగ్గించి చెప్పింది అదొక్కటే. ముందు అన్న మాట పైకి అనడానికి నాకే భయం వేసింది.

రూతు నా ఫోను తీసుకుని ఆ వీడియో కింద టైము చూసింది. "అప్పటికి మేమింకా గేటు దగ్గరే ఉన్నాం తాతయ్యా. తలుపులు తెరిచే ఉన్నాయి. జనం ఎక్కుతున్నారు" అంది నెమ్మదిగా. ఏమనుకుందో ఏమో, వినయ్‌కి ఫోను చేసి స్పీకరు పెట్టింది.

"వినయ్, బోర్డింగప్పుడు నీకేమైనా వాసన వచ్చిందా?"

"వచ్చింది కదక్కా. ఎవరో బూట్లు విప్పారనుకున్నా. కింద గ్రౌండ్ స్టాఫుకి చెప్పాను కూడా. వాళ్ళూ బూట్లే అన్నారు. తర్వాత పోయింది."

"పోలేదురా. నీ ముక్కు దానికి అలవాటు పడిపోయింది."

వాసనలో ఉండిపోయిన ముక్కు కాసేపటికి దాన్ని పట్టించుకోవడం మానేస్తుందట. అందుకే అనుమానం వస్తే, ఆ చోట లేని మనిషిని పిలిచి చూపించాలని వాళ్ళకు నేర్పుతారు. ఆ రోజు రూతు పిలిచింది, వెనక వైపు అరగంట నుంచీ ఆ వాసనలోనే నానుతున్నవాణ్ణి. తను ముందు తలుపు దగ్గర బయటి గాలిలో నిలబడి ఎక్కేవాళ్ళకు నమస్కారాలు పెట్టింది కాబట్టి, తలుపులు మూసి విమానం లేచాక గాని ఆమెకు తగల్లేదు.

"మరి ఇది ఎవరికీ చెప్పలేదేం?"

"గాల్లో ఉన్నప్పుడు వచ్చిందా అనే అడిగారక్కా. లేదన్నాను. ముందు సంగతి ఎవరూ అడగలేదు."

ఎలా అడుగుతారు? తలుపులు మూయక ముందు వాళ్ళు పనిలో ఉన్నట్టే కాదు కదా. లెక్కలో లేని అరగంటలో వచ్చిన వాసన అది.

రాసివ్వమంటే వినయ్ నసిగాడు. కొత్త ఉద్యోగం, ఇంకా పర్మనెంటు కాలేదు. రూతు బలవంతపెట్టలేదు. ఆదివారం మేం చర్చి నుంచి వచ్చేసరికి, బోర్డింగ్‌లో వచ్చిన వాసన గురించి తన సంతకంతో రాసి పంపించాడు. సోమవారం రూతు తన జవాబు పంపింది. పొరబడలేదని.

తర్వాత గోదావరి జిల్లాల క్రూ పిల్లలు కొందరు అమలాపురంలో విలేకరులను పిలిచి తమ కోరికలు చెప్పుకున్నారు. నన్ను చివరి వరసలో కూర్చోబెట్టి, ఈలను సువార్తమ్మ తన సంచిలో వేసుకుంది. అందరూ లేస్తుండగా ఒక విలేకరి నన్ను గుర్తుపట్టాడు. "మాస్టారూ, పంటు మీద వీడియోలో మీరే కదండీ? ఏదో వాసనన్నారు?" చుట్టూ నలుగురు ఆగారు. రూతు నా వైపే చూస్తోంది. తాతకు దెయ్యం పట్టింది, మనవరాలికి వాసన పట్టిందని రేపు పేపర్లో వస్తే ఆ పిల్లల మాట ఎవరు వింటారు?

"ఆయ్, నేనేనండీ. ముక్కు జబ్బండీ. ముసలితనం" అన్నాను. చేతికందిన శ్రోతలను వదులుకోవడం నా జన్మలో అదే మొదలు.

రూతు ఉద్యోగం నిలిచింది. వాసన వస్తే వైద్య పరీక్ష చేయిస్తామని కంపెనీ ఒప్పుకుంది. జనాన్ని ఎక్కించే సమయానికి జీతం సంగతి ఇంకా నలుగుతోంది, సంఘం ఇంకా అడుగుతోంది. "ఇక రాసుకో తాతయ్యా. కాకి ఒకటే" అని రూతు అనుమతి ఇచ్చాకే ఇది రాస్తున్నాను.

డాక్టరు గారిని మళ్ళీ కలిశాను. పోయిన ముక్కుకు అప్పుడప్పుడు లేని వాసనలు రావడం మామూలేనన్నారు. సరే. మరి ఆ వాసనే ఎందుకు? ముందుగా ఎందుకు? "అది నా చదువులో లేదండీ" అన్నారు. పాస్టరు గారు ప్రార్థన చేసి ఊరుకున్నారు. మంగతాయారు ఇప్పటికీ నేను తన రొయ్యలకు క్షమాపణ చెప్పాలంటుంది. నాకు మాత్రం ఏమీ అర్థం కాలేదు. నా ముక్కుకు ఇప్పటికీ కాఫీ తెలియదు.

రూతు డ్యూటీ ఉన్న రోజున రేవుకు వెళ్ళి పంటెక్కుతాను. నది మధ్యలో ముక్కు నిండా గాలి పీలుస్తాను. నూకరాజు నవ్వుకుంటాడు. ఏమీ రాదు. అవతలి ఒడ్డున దిగి "ఏమీ లేదమ్మా" అని మెసేజి పెడతాను. విమానం ఎక్కే ముందు తను పైకెత్తిన బొటనవేలి బొమ్మ పంపిస్తుంది.

ప్రతి డ్యూటీకీ వెళ్తానని ఊళ్ళో చెప్పుకుంటాను. అది నిజం కాదు. మోకాళ్ళు పట్టేసిన రోజున వెళ్ళను. ఇంట్లో మంచం మీద కూర్చుని "ఏమీ లేదమ్మా" అని పెట్టడం ఎంతసేపు? ఫోను చేతిలోనే ఉంటుంది. ఆ రోజు మాత్రం పెట్టను.