దీదీమణి పదిహేను ప్రశ్నలు

ఆవిడ పోయిందని ఈమధ్యే తెలిసింది. కబురు చెప్పినామె నా మొహం వంకే చూస్తోంది, నేనేదో అంటానని. నేను టీ తాగడం పూర్తిచేసి, కప్పు కడిగి బోర్లించి, "ఇన్నాళ్ళూ ఉందా!" అన్నాను. తప్పే కావచ్చు. ఏం చెయ్యను, నాకు ఆవిడ మీద కోపం పోలేదు. వయసు మీద పడితే అదే పోతుందన్నారు. యాభై దాటాను. ఎక్కడి కోపం అక్కడే ఉంది.

ఆవిడంటే మా బళ్ళో భూగోళం చెప్పిన దీదీమణి. కలకత్తాలో ఆడపిల్లల బళ్ళో టీచరమ్మల్ని అలాగే పిలిచేవాళ్ళం. మాది ఏక్‌బాల్‌పూర్. మా నాన్న కార్పొరేషన్‌లో వీధులు కడిగేవాడు. తెల్లవారుతుండగా లావుపాటి గొట్టం భుజాన వేసుకుని వెళ్ళి, రోడ్డు పక్కనుండే హైడ్రెంటు కుళాయికి బిగించి, గంగనీళ్ళతో రోడ్లన్నీ కడిగేవాడు. మా క్వార్టర్స్‌లో అందరూ శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ళే. ఇంట్లో తెలుగు, బళ్ళో బెంగాలీ, వీధిలో హిందీ. గోడల నిండా కొడవళ్ళూ సుత్తులూ ఉండే రోజులవి. కార్మికుల రాజ్యం వచ్చిందని మా నాన్న మీటింగులకి వెళ్ళి చప్పట్లు కొట్టి వచ్చేవాడు. ఆ రాజ్యం మా క్లాసు గుమ్మం దాటి లోపలికి రాలేదు.

ఏడో తరగతిలో ఒకరోజు దీదీమణి ఆటుపోట్ల పాఠం చెబుతోంది. గంగలో పోటు వస్తే ఏమవుతుంది అని అడిగింది. నేను చెయ్యెత్తాను. పోటు వేళ హైడ్రెంటులోంచి నీళ్ళు మామూలుకంటే బురదగా వస్తాయనీ, మా నాన్న ఆ రంగు చూసే నదిలో పోటుందో లేదో చెప్పేస్తాడనీ అన్నాను. పుస్తకంలో లేని సంగతి చెప్పానని నా గొప్ప. ఆవిడ సుద్దముక్క బల్ల మీద పెట్టి, చేతులు దులుపుకుని, క్లాసంతటికీ వినపడేలా బెంగాలీలో అంది.

"కాలవలు కడిగేవాళ్ళ దగ్గరా భూగోళం నేర్చుకుంటున్నావు? చీపురు పట్టుకోవడానికి అక్షాంశాలూ రేఖాంశాలూ ఎందుకమ్మా మీకు?"

క్లాసంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వినవాళ్ళు ముందు బెంచీల వాళ్ళు, అంటే ఆవిడ కోచింగ్ పిల్లలు. సాయంత్రం పూట ఆవిడ ఇంట్లో అన్ని సబ్జెక్టులకీ కోచింగ్ నడిచేది. చాప మీద ఇరవైమంది దాకా కూర్చునేవారు. అందరూ కోరుకునేది పాఠం కాదు, పరీక్షకి ముందు ఆవిడ ఇచ్చే "సజెషన్". ఒక్కో సబ్జెక్టుకి పదిహేను ప్రశ్నలు. "ఇవి వచ్చే అవకాశం ఉంది" అని పైన రాయించేది. అవకాశమేమిటి నా మొహం! భూగోళం పేపరు తయారుచేసేది ఆవిడే. మిగతావి స్టాఫ్‌రూములో టీ తాగుతూ ఒకరికొకరు చెప్పుకునేవారు. ఆ పదిహేను బట్టీ పట్టినవాళ్ళు పాసు. పుస్తకం మొత్తం చదివినవాళ్ళు పిచ్చివాళ్ళు. ఊరంతా అంతే, ఎవరికీ అది తప్పనిపించేది కాదు.

నాకూ ఆ సజెషన్ కావాలనే ఉండేది, సిగ్గు లేకుండా చెబుతున్నాను. అంత అవమానం జరిగాక కూడా, ఎనిమిదిలోకి వచ్చాక, వెళ్ళి అడిగాను. ఎందుకంటే మా నాన్న ముందే చెప్పేశాడు. "ఎనిమిది పాసైతే ఎంతవరకైనా సదివిస్తాను. తప్పితే మాత్రం ఇంక సదువు నేదు, పనిలోకే." క్వార్టర్స్‌లో ఆడపిల్లలందరికీ అదే మాట.

దీదీమణి నన్ను పైనుంచి కిందికి చూసి, "మీ పక్కింటి పిల్ల వాళ్ళమ్మ మా ఇంట్లో గిన్నెలు తోముతుంది కాబట్టి ఆ పిల్ల వెనక కూర్చుంటోంది. మీ అమ్మనీ బట్టలుతకడానికి పంపు, చూద్దాం" అంది.

నేను ఇంటికి వచ్చి ఆ మాట ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే మా అమ్మ వెళ్ళేది. అదే నా భయం. నా కోసం దీదీమణి చీరలు ఉతికేది, ఉతికి, పిల్లకి చదువొస్తోందని మురిసిపోయేది. ఆ రోజు మెట్ల మీద కూర్చుని, ఆవిడ కోచింగ్ మూతబడేదాకా నేను ఊరుకోనని ఒట్టు పెట్టుకున్నాను.

ఆ పక్కింటి పిల్ల నా స్నేహితురాలు. బడికి ఇద్దరం కలిసే వెళ్ళేవాళ్ళం, ఒకే గొడుగులో. వాళ్ళమ్మ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి దీదీమణి ఇంట్లో గిన్నెలు తోమేది. దానికి బదులుగా కూతురికి చాప చివర చోటు. మంచి పిల్ల. లెక్కల్లో కాస్త వెనక, నవ్వడంలో అందరికంటే ముందు.

నేను పుస్తకం మొత్తం చదవడం మొదలుపెట్టాను. కసితో చదివిన చదువు ఎంత బాగా వంటబడుతుందో నన్నడగండి. డ్రెయిను మూతకి అమ్మ దగ్గరి పురికొస చుట్టి చుట్టుకొలత కొలిచి, వ్యాసం కొలిచి, లెక్క సరిపోయేదాకా వదల్లేదు. నాన్న గొట్టం మూతికి బొటనవేలు అడ్డం పెడితే నీళ్ళు ఎందుకు దూరం పడతాయో అక్కడే, రోడ్డు మీదే తెలుసుకున్నాను. ఎండుద్రాక్ష రాత్రి నానబెట్టి పొద్దున ఉబ్బిందా లేదా చూశాను. చరిత్రలో రాజుల్ని బస్సు స్టాపుల వరసలో పెట్టుకున్నాను. ఏక్‌బాల్‌పూర్‌లో బానిస వంశం ఎక్కితే భవానీపూర్ వచ్చేసరికి మొగలులు దిగిపోయేవారు. ఇంగ్లీషు మాకు ఆరులో గానీ మొదలవలేదు కాబట్టి టెన్సులన్నీ గోడ మీద బొగ్గుతో రాసుకుని, అమ్మ చేత తిట్లు తిన్నాను.

నోట్సు మొత్తం బెంగాలీ మాటల్ని తెలుగు అక్షరాల్లో రాసుకున్నాను. క్లాసులో ఎవరూ తొంగిచూసి రాసుకోకూడదని. తెలుగు అక్షరాలు మా అమ్మ నేర్పినవి. నా స్నేహితురాలికి అవి రావు, వాళ్ళింట్లో నేర్పేవాళ్ళు లేరు. ఆ నోట్సు అది కూడా చదవలేదని నాకు తెలుసు. తెలిసే అలా రాశాను.

పరీక్షకి పదిరోజులుందనగా అది మా ఇంటి మెట్ల దగ్గరికి వచ్చింది. జాకెట్టులోంచి మడతపెట్టిన కాగితాలు తీసింది. దీదీమణి సజెషన్, అన్ని సబ్జెక్టులూ.

"నీకోసం కిందన కార్బను పెట్టి రాసినాను" అంది. "పుస్తకమంతా ఎందుకే సదవడం, బుర్ర పాడైపోద్ది. ఇయి సదువుకో, సాలు. ఇంకెవుల్కీ సూపించకే తల్లీ, ఆవిడికి తెలిస్తే మాయమ్మని పనిలోంచి తీసేస్తాది."

నేను దాన్ని కావలించుకున్నాను. నిజంగానే, ప్రేమతోనే కావలించుకున్నాను. కావలించుకుంటుండగానే ఆ కాగితాలతో ఏం చెయ్యాలో నాకు తట్టింది.

మర్నాడు వాటిని నా దస్తూరీతో తిరగరాశాను. దాని రాత ఎవరూ గుర్తుపట్టకూడదని. ఆమాత్రం జాగ్రత్త తీసుకున్నానని ఇప్పటికీ నాకు నేనే సర్దిచెప్పుకుంటుంటాను. అవి పట్టుకుని బొడొదీ గదికి వెళ్ళాను. బొడొదీ అంటే పెద్దక్క, మా హెడ్‌మిస్ట్రెస్. నూలు చీర, మందపాటి కళ్ళద్దాలు, ఎవరితోనూ నవ్వని మనిషి. కాగితాలు తీసుకుని, బీరువా తాళం తీసి, టీచర్లు రాసిచ్చిన పేపర్లు పక్కన పెట్టుకుని చూసింది. ఆవిడ వేలు ఒక్కో ప్రశ్న దగ్గర ఆగుతోంది. ఒకటి, రెండు, మూడు. భూగోళంలో పదిహేనుకి పదిహేనూ ఉన్నాయి.

"ఎక్కడివి?"

"రోడ్డు మీద దొరికితే రాసుకున్నాను."

నమ్మలేదు. కానీ ఇంకేమీ అడగలేదు. "పేపర్లన్నీ నేనే కొత్తగా రాస్తాను. ఈ గదిలో మాట ఈ గది దాటకూడదు. దాటితే నీ పేరూ దాటుతుంది" అంది.

నేను గాల్లో తేలుకుంటూ ఇంటికి వచ్చాను. అబ్బ, ఆ సంతోషం ఇప్పుడు తలుచుకున్నా ఒళ్ళు ఝల్లుమంటుంది.

ఆ తరవాతి వారం రోజుల గురించి చెప్పాలి. చెప్పకుండా దాటేద్దామనే చూశాను. రోజూ సాయంత్రం అది నా పక్కనే మెట్ల మీద కూర్చుని ఆ పదిహేనూ వల్లెవేసేది. కళ్ళు మూసుకుని, ముందుకీ వెనక్కీ ఊగుతూ. "ఆటుపోట్లకు కారణమేమి? చంద్రుని ఆకర్షణ, సూర్యుని ఆకర్షణ..." తప్పు పోతే నాలుక కరుచుకుని మళ్ళీ మొదటినుంచి. నన్ను ప్రశ్నలు అడగమనేది. నేను అడిగేదాన్ని. అవేవీ రావని తెలిసి కూడా అడిగేదాన్ని. "మిగతాది కూడా ఓసారి తిరగెయ్యవే" అని రెండుసార్లు నోటిదాకా వచ్చింది. అంటే అది ఎందుకని అడుగుతుంది. వాళ్ళమ్మకి చెబుతుంది. వాళ్ళమ్మ గిన్నెలు తోముతూ నోరు జారుతుంది. దీదీమణి జాగ్రత్తపడుతుంది. నేను నోరు మూసుకున్నాను. ఆవిడ మొహం మాడిపోవడం నా కళ్ళతో చూడాలి, నాకు అదొక్కటే కావాలి.

పరీక్ష రోజు ప్రశ్నపత్రం చేతికి రాగానే ముందు బెంచీల్లో ఒక్కొక్కరూ తలెత్తి ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. నేను తల ఎత్తకుండా రాశాను. ఒకసారి మాత్రం పక్క వరసలోకి చూశాను. అది కాగితాన్ని వెనక్కి తిప్పి చూస్తోంది, ఆ పదిహేనూ అటువైపు ఉన్నాయేమోనని.

ఫలితాలొచ్చాయి. నేను క్లాసులో రెండోదాన్ని. కోచింగ్ పిల్లలు చాలామంది తప్పారు. మర్నాడు మధ్యాహ్నం తల్లిదండ్రులు దీదీమణి ఇంటిని ఘెరావ్ చేశారు. అప్పట్లో ఎవరి మీద కోపం వచ్చినా చుట్టూ చేరి కదలనివ్వకపోవడం ఆ ఊళ్ళో మామూలే. "చొల్బే నా, చొల్బే నా!" అని ఒకటే అరుపులు, ఇది సాగదని. ప్రశ్నలు ముందే చెప్పినందుకు కాదండోయ్, చెప్పినవి రానందుకు! దీదీమణి వరండా ఇనపచువ్వలు పట్టుకుని నిలబడింది. జుట్టు ముడి జారిపోయి ఉంది. ఎవరో కోచింగ్ బోర్డు లాగి కిందపడేశారు. నేను ఎదురు అరుగెక్కి చూశాను. కడుపారా నవ్వాను. మీ చీపురుకట్ట పిల్లే చేసిందమ్మా అని అరవాలనిపించింది.

అప్పుడు పక్కసందులో, ఆవిడ ఇంటి వెనక గుమ్మం దగ్గర, నా స్నేహితురాలు కనిపించింది. రెండు మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని వాళ్ళమ్మ కోసం కూర్చుని ఉంది. ముందు అంత గొడవ జరుగుతుంటే వెనక వాళ్ళమ్మ గిన్నెలు తోముతూనే ఉంది. పని అయ్యాక తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ బయటికి వచ్చింది. కూతురు తప్పిందని ఆమెకి అప్పటికే తెలుసు.

అది నన్ను చూసింది. నా నవ్వు చూసింది. నేను మొహం సర్దుకునేలోపే చూసేసింది. మెల్లగా లేచి నా దగ్గరికి వచ్చింది.

"ఆ కాయితం నీకు తప్పితే ఇంకెవుల్కీ ఇవ్వనేదు నాను" అంది.

నేను అరుగు దిగాను.

"నువ్వు పాసైపోనావు. నాకొక్క ముక్క సెప్పనేకపోనావేటే?"

"ఆవిడ మొహం చూద్దామని..." అన్నాను. అది వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. ఆ నెలలోనే వాళ్ళ పిన్ని వెంట ఒక నర్సింగ్ హోమ్‌లో ఆయా పనికి కుదిరింది. బడికి గొడుగులో ఒక్కదాన్నే వెళ్ళాను. దీదీమణి కోచింగ్ మళ్ళీ తెరుచుకోలేదు. నా ఒట్టు నెరవేరింది.

నేను చదువుకున్నాను, టీచర్నయ్యాను. ఆ ఎర్రజెండా ప్రభుత్వపు చివరి రోజుల్లో మా అమ్మకి పక్షవాతం వస్తే నర్సింగ్ హోమ్‌లో చేర్పించాం. పగటి డ్యూటీ ఆయా గదిలోకి వచ్చి, నీళ్ళ పళ్ళెం కింద పెట్టి, తలెత్తింది. ఇద్దరం గుర్తుపట్టాం. "పిన్నీ" అని మా అమ్మని పలకరించి మొహం తుడిచింది, జుట్టు దువ్వింది.

రెండో రోజు మధ్యాహ్నం తనే ఎత్తింది ఆ మాట. "ఆ పదిహేనూ నాకింకా నోటికొచ్చు. అడుగే ఓపాలి."

"వద్దే."

"అడగవే. టీచరమ్మవి గదా."

అడిగాను. ఆటుపోట్లకి కారణమేమిటి? కళ్ళు మూసుకుంది. అదే బెంగాలీ, దీదీమణి రాయించిన మాటలే, కొంచెం ముందుకీ వెనక్కీ ఊగుతూ. మా అమ్మ మంచం మీంచి ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తోంది. భూగోళం పదిహేనూ అడిగించుకుంది, పదిహేనూ చెప్పింది. ఎక్కడైనా తప్పు పోతే బావుండుననుకుంటూ విన్నాను. పోలేదు.

"పాసేనా మరి?" అంది.

పాసే అన్నాను. అది తల ఊపి, పళ్ళెంలో గుడ్డ ముంచి పిండి, మా అమ్మ పాదాలు తుడవడం మొదలుపెట్టింది.